అప్పు మనది, కొనుగోలెవరిది?

పాతబస్తీ ప్రజలు చిరకాలముగ కోరుచున్న మెట్రోరైలు మార్గమునకు 2024 మార్చి 8వ తేదీన శంకుస్థాపన జరిగినది. మహాత్మాగాంధీ బస్సు స్టేషను నుండి ఫలక్‌నుమా మీదుగ చాంద్రాయణగుట్టకు ఏడున్నర కిలోమీటర్లు సాగు నీ మార్గము ఉప్పుగూడ వాసులకు చేరువలో నుండును. యాకుత్‌పురా ఫలక్‌నుమాల నడుమనున్న చిన్న స్టేషనే యాధారముగాగల వారికిది మేలు చేయు ననుటలో సందేహము లేదు. కాని యా మేలు ప్రయాణికులతోనే నిలిచిపోవలెనా, మన కర్మాగారములకును పనివారికిని గూడ అందవలెనా?

2024లో ప్రకటింపబడిన రెండవదశ ప్రణాళిక ననుసరించి 76.4 కిలోమీటర్లకు వ్యయము 24,269 కోట్ల రూపాయలు. ఇందు నూటికి 30 పాళ్లు రాష్ట్రమును, 18 పాళ్లు కేంద్రమును భరింపవలెను. 48 పాళ్లు జపాను వారి జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు మొదలగు సంస్థలనుండి ఋణముగ తేవలెను. అప్పనగానే మనవారు వడ్డీ యెంతయని యడుగుదురు. ఆ సొమ్ముతో సరకెవరియొద్ద కొనవలెనని యడుగువా రరుదు.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఆంగ్లేయుల యేలుబడిలో రైళ్లకై లండనులో అప్పు తెచ్చి, ఇంజనులును పట్టాలును ఆ దేశముననే కొనుచుండిరి. వడ్డీ మనము చెల్లించితిమి. పరిశ్రమ వారిది పెరిగినది. కొనుగోలు ఈ దేశమున, రూపాయలలో జరుగవలెనని మన పెద్దలు శాసనసభలలో పోరాడుట కిదియే కారణము.

నేటి ఋణదాతలందరు నొకే తీరువారు కారు. జపాను 2002 నుండి యొక తరగతి ఋణములకు తక్కువ వడ్డీ పుచ్చుకొని, ముఖ్య గుత్తేదారు తన దేశీయుడు కావలెననియు, సరకులో నూటికి 30 పాళ్లయినను తనది కావలెననియు నిబంధన పెట్టుచున్నది. ఇట్టి కట్టుబాట్లవలన ధరలు నూటికి 15 మొదలు 30 వరకు పెరుగునని ధనికరాజ్యముల కూటమియైన ఓఈసీడీయే యంచనా వేసినది. వడ్డీలో మిగిలినది వెలలో పోవచ్చును.

ఢిల్లీ మెట్రోకు 1997 నుండి జపాను ఋణమే లభించినది. అచ్చట మొదటి పెట్టెలు కొరియాలో తయారైనను, తక్కినవానిని బెంగుళూరులోని బీఈఎంఎల్ కర్మాగారమున నిర్మించునట్లు ఏర్పాటు జరిగినది. ఆ విద్య నేర్చిన కర్మాగారము పిమ్మట జయపురమునకును, ముంబయికిని పెట్టెలు చేసి యిచ్చినది. మన నగరమున 2017లో నడక ప్రారంభించిన మెట్రో పెట్టెలో, కొరియానుండి వచ్చినవి. 2023లో మన రంగారెడ్డి జిల్లా కొండకల్‌లో రైలుపెట్టెల కర్మాగారము వెలసినది. దానికి పోటీచేయుటకైన తావులేని టెండరు వ్రాసినచో ఆ తప్పు అప్పిచ్చినవానిది కాదు, మనదే.

స్వదేశీయమను పేరిట నాసిసరకును హెచ్చుధరకు కొనుమని మేము చెప్పుట లేదు. పోటీ లేనిచోట అయినవారికి ఆకులలో వడ్డించుట మొదలగును. పోటీ బహిరంగముగ జరుగవలెను. గెలిచినవాడు పరదేశీయుడైనచో ఇచ్చట తయారుచేయవలెను, ఇచ్చటివారికి నేర్పవలెను. మరియు మన దేశమును ఆఫ్రికా రాజ్యములకు అప్పిచ్చునపుడు సాధారణముగ నూటికి 75 పాళ్ల సరకు మనయొద్దనే కొనవలెనని కోరుచున్నది. ఇచ్చువాని యుపాయ మెరిగిన మనము పుచ్చుకొనునపుడు ఏమరుట తగదు.

కావున ఋణపత్రముపై సంతకము చేయుటకు ముందే కొనుగోలు నిబంధనలను తెలుగులోను, ఉర్దూలోను ప్రకటించి, శాసనసభలో చర్చింపవలెను. సంతకమైన పిదప చేయు విమర్శ వెల్లువ పోయిన తరువాత కట్టిన గట్టువంటిది. ఈ యప్పు తీర్చువారు ఉప్పుగూడలో నేడు బడికిపోవు బిడ్డలు. వారికి ఋణభారముతోపాటు పనియు విద్యయు సంక్రమించునట్లు ప్రభుత్వమువారు చూతురు గాక!