యంత్రం కాదంటే జవాబుదారీ ఎవరు?

వైద్యాన్ని నిరాకరించే ప్రతి కాగితంపైనా ఒక మనిషి సంతకం ఉండాలి. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్లు నడిపిన మేము అనుభవంతో ఈ మాట అంటున్నాం. గుమాస్తాలం తప్పులు చేయలేదని కాదు. మాలో పక్షపాతులూ, లంచగొండులూ ఉండేవారు. అయితే తిరస్కరణకు కారణం రాసి, కింద సంతకం చేసేవాళ్లం. ఆ సంతకాన్ని చూపి మమ్మల్ని నిలదీయగలిగేవారు. కృత్రిమ మేధను ఎవరు నిలదీస్తారు?

అమెరికాలో ఈ ప్రశ్న న్యాయస్థానానికెక్కింది. యునైటెడ్‌హెల్త్ బీమా సంస్థపై 2023 నవంబరులో మిన్నెసోటా ఫెడరల్ కోర్టులో దావా దాఖలైంది. ఆసుపత్రి నుండి వచ్చిన వృద్ధులకు ఎన్నాళ్లు సంరక్షణ అవసరమో ఒక కంప్యూటర్ ప్రోగ్రాము అంచనా కట్టిందనీ, వైద్యులు ఇంకా అవసరమన్నా చెల్లింపులు ఆపేశారనీ మృతుల కుటుంబాల ఆరోపణ. ఆ ప్రోగ్రాముతో నిర్ణయాలు చేయలేదని సంస్థ వాదన. 2025 ఫిబ్రవరిలో కోర్టు కొన్ని అభియోగాలను తోసిపుచ్చినా, ఒప్పంద ఉల్లంఘనపై దావా సాగనిచ్చింది. నిర్ణయాలు వైద్య సిబ్బంది చేస్తారని సంస్థ పత్రాల్లోనే రాసి ఉండడం ఆ కుటుంబాలకు ఆధారమైంది.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. తెలంగాణలో కంప్యూటర్ లెక్కల ఆధారంగా లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో విచారణ జరపాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కార్డే ఆరోగ్యశ్రీకి ఆధారం. కార్డు పోతే బియ్యంతోపాటు ఆపరేషన్ కూడా ఆగిపోతుంది. మన ఇళ్లలో ఒకే పేరు ఒక కార్డులో మహమ్మద్, మరో కార్డులో మొహమ్మద్, ఇంకోచోట ఎండీ. వీధిలో అందరూ గుర్తుపట్టే మనిషిని యంత్రం వేరొకరిగా లెక్కించవచ్చు.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి, వైద్యం అవసరం లేదని తేల్చే అధికారం బీమా సంస్థల కృత్రిమ మేధకు లేదు; అర్హత గల వైద్యులే తేల్చాలి. మన ప్రభుత్వాలూ అలాంటి చట్టం తేవాలి.

అంతవరకు మనం నోటిమాటతో వెనుదిరగరాదు. నిరాకరణను కారణంతో సహా రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ పథకమైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు బీమా అయితే ముందు సంస్థకు ఫిర్యాదు చేసి, న్యాయం జరగకుంటే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. ప్రతి మొహల్లాలో చదువుకున్న నలుగురు వారానికొక సాయంత్రం కూర్చుని ఈ దరఖాస్తులు రాసిపెట్టాలి. న్యాయస్థానంలో నిలబడేది మన కన్నీళ్లు కాదు, మన చేతిలోని కాగితమే.