నంబరు ప్లేటు కూడా గవాహీయే

మా ఆపా కొడుకు కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వైపు టూర్ బయల్దేరే ముందు ఫోన్ చేశాడు. "మామూ, బండిని వెనక నుంచి చూస్తే దిల్ ఖరాబ్ అయితుంది. ఆ పొడుగు మడ్‌గార్డు, దాని చివర వేలాడే ప్లేటు... తీసేయించి టెయిల్ టైడీ పెట్టిస్తా" అన్నాడు. జగిత్యాల, ఆర్మూర్, నిర్మల్, మహబూబ్ ఘాట్ ఎక్కి కుంటాల జలపాతం దాకా వాడి ప్రోగ్రాం. బండి 02, పోయేది 01 జిల్లాకు.

షౌక్‌ను నేను తప్పుపట్టను. వెండి తీగ పని చేసే ఊరు మనది, కంటికి నఫాసత్ అలవాటు. కంపెనీ ఇచ్చే ఆ ప్లాస్టిక్ తోక గతుకుల్లో గజగజ వణుకుతుంది, కొన్నాళ్లకు బోల్టు దగ్గర పగులుతుంది కూడా. నా గొడవంతా ప్లేటు కోణం గురించే. ఈ పొట్టి కిట్లలో కొన్ని ప్లేటును సీటు కిందికి మడిచేస్తాయి. అప్పుడు నంబరు ఆకాశానికి కనబడాలి, లేదా నేలకు.

కొన్నేళ్ల కింద, 2022కు ముందే, మా చాచాను ఒక బైకు గుద్ది వెళ్లిపోయింది. చూసినవాళ్లు నలుగురు. రంగు చెప్పారు, సైలెన్సర్ మోత చెప్పారు. నంబరు ఒక్కరూ చెప్పలేకపోయారు, ప్లేటు మడిచి ఉంది. చాచా కాలు విరిగి ఆరు నెలలు మంచం పట్టాడు. బండి దొరికితే దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద ట్రిబ్యునల్‌లో దావా వేయొచ్చు. దొరకకపోతే హిట్ అండ్ రన్ లెక్క. తీవ్ర గాయానికి అప్పట్లో 12,500 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది 50 వేలైంది, ప్రాణం పోతే 2 లక్షలు. చాచా కాగితాల కోసం తిరగలేక అదీ వదిలేశాడు.

అందుకే దీన్ని చలాన్ మసలా అనుకోను. హుకూకుల్ ఇబాద్ మసలా ఇది. రోడ్డు మీద అవతలివాడికి మన నంబరు చదివే హఖ్ ఉంది. మనలో 786 నంబరు కోసం ఆర్టీఏలో వేలం పాడేవాళ్లున్నారు (అది సరైనదా కాదా అనే బహస్ ఉలమాకు వదిలేస్తా). అంత ముహబ్బత్‌తో కొన్న నంబరును సీటు కింద దాచడమేంటి భాయ్?

అందం చేయించుకోండి, బేషక్. వెనక హై సెక్యూరిటీ ప్లేటు 200 బై 100 మిల్లీమీటర్లు. సరిగ్గా ఆ కొలతకు ఇనుప బ్రాకెట్ కోయించి నల్ల పౌడర్ కోటింగ్ వేయిస్తే ప్లాస్టిక్ చట్రం కంటే ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు పెడితే వణుకు తగ్గుతుంది. ప్లేటుకు కొత్త రంధ్రాలు మాత్రం వద్దు. పైన తెల్ల లైటు ఉండాలి, రాత్రి 15 మీటర్ల వెనక నుంచి నంబరు చదవగలగాలన్నది కాయిదా. మడ్‌గార్డు మొత్తం పీకేస్తే వానాకాలం బురదంతా వెనక వచ్చేవాడి ముఖాన పడుతుంది, అది వేరే గునా.

వాడు మొహం ముడుచుకున్నా విన్నాడు. మడ్‌గార్డు ఉంచి, వెల్డింగ్ షాపులో బ్రాకెట్ చేయించి రాత్రి ఫోటో పంపాడు. నిజంగా బాగుంది, మాషాఅల్లాహ్. కానీ సామాను బ్యాగు పట్టీ చివరి అంకె మీద వేలాడుతోంది. బిగించి కట్టి మళ్లీ ఫోటో పంపమన్నాను.