సామూహిక వ్యాజ్యములు – పిడికెడు పరిహారము

ఒక్కొక్కరికి గలిగిన నష్టము స్వల్పమైనపుడు న్యాయస్థానమున కెక్కుటకు ఎవరును సాహసింపరు. వ్యాజ్యపు ఖర్చు నష్టమును మించును గదా! అందుచేత ఒకే కంపెనీవలన నష్టపడిన వారందఱి పక్షమున కొందఱు వాదులై ఒకే వ్యాజ్యము నడపు పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రబలియున్నది. పద్ధతి మంచిదే. కాని తుదకు జనుల చేతికి వచ్చు పైకమును జూచినచో, కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లున్నది.

ఈక్విఫాక్స్ ఉదంతమును చూతము. జనుల ఋణచరిత్రలను సేకరించి యుంచు ఈ కంపెనీనుండి 2017లో సుమారు 14 కోట్ల 70 లక్షలమంది వివరములు అపహరింపబడెను. పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలు అందు గలవు. 2019 జూలైలో రాజీ కుదిరెను. ఆ వివరములు దుర్వినియోగము కాకుండ కనిపెట్టియుండు సేవను ఉచితముగా పొందవచ్చుననియు, అట్టి సేవ యిదివఱకే గలవారు మాఱుగా 125 డాలర్లు కోరవచ్చుననియు ప్రకటించిరి. అయితే ఈ నగదునకు మొదట కేటాయించినది 3 కోట్ల 10 లక్షల డాలర్లు మాత్రమే. భాగహారము నేర్చిన బాలుడైనను లెక్క కట్టగలడు: ఆ సొమ్ము 2,48,000 మందికి సరిపోవును. నష్టపడిన వేయిమందిలో ఇద్దఱికైనను చాలదు! ఆ నెల తుదినాటికే, 125 డాలర్లు రావని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరింపవలసి వచ్చెను. 2022 డిసెంబరులో చెల్లింపులు మొదలైనపుడు అనేకులకు ముట్టినవి కొలది డాలర్లే. వకీళ్లకు న్యాయస్థానము మంజూరు చేసిన రుసుము 7 కోట్ల 75 లక్షల డాలర్లు.

వకీళ్ల శ్రమకు ప్రతిఫలము వలదని మేమనము. వారు లేనిచో వ్యాజ్యమే లేదు. ఈ రాజీవలననే కంపెనీ 5 సంవత్సరములలో భద్రతకై కనీసము 100 కోట్ల డాలర్లు వ్యయించుటకు ఒప్పుకొనెను. అది గొప్ప లాభమే. కాని నెఱవేరని మొత్తమును చాటుట న్యాయము కాదు. కోరువారు పెరిగినకొలది భాగము తగ్గునని మొదటనే స్పష్టముగా తెలుపవలెను. మఱియు వకీళ్ల రుసుము ప్రజలకు నిజముగా ముట్టినదానిని బట్టి యుండవలెను. ఇది క్రొత్త మాట కాదు. పరిహారము కూపనుల రూపమున నిచ్చు రాజీలలో, కూపనులనుబట్టి రుసుము కట్టునపుడు, జనులు వాడుకొన్న కూపనుల విలువనే లెక్కింపవలెనని అమెరికా చట్టము 2005లోనే విధించినది. నగదు విషయమునను ఆ నియమ మేల యుండరాదు?

ఇది పరదేశపు గొడవ యని మన పాఠకులు త్రోసిపుచ్చరాదు. మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ఒకే విధమైన నష్టము పొందిన పలువురి పక్షమున, జిల్లా కమిషను అనుమతితో, ఒకరైనను ఫిర్యాదు చేయవచ్చును. అట్టి రాజీ యేదైన మన యెదుటికి వచ్చినపుడు, మొత్తము సొమ్మెంతయని అబ్బురపడక, ఎందఱకు, ఏ ఖర్చులు పోగా, తల కెంత వచ్చునని ముందుగా అడుగుట నేర్చుకొనవలెను.