చమురు బావుల వాటాలు

గుంటూరు మిరప యార్డు చెంతనున్న కమీషను కొట్ల అరుగులమీదను, చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు పట్టణముల కాఫీ హోటళ్లయందును చిరకాలముగా వినవచ్చుచున్న మాట పంట ధర. ఏ రకము కాయ యెంత పలికినది, తాలుకాయ నెవరు కొనుచున్నారు, పత్తి క్యాండీ యెచ్చట నిలిచినది యని జనులు విచారించుకొందురు. ఇప్పుడా ప్రసంగము నడుమ మరియొక ప్రసంగము చొచ్చుచున్నది. ఫలానా చిన్న కంపెనీ సముద్రములో బావి త్రవ్వుచున్నదట. గ్యాసు పడినదని లోపలి కబురట. నేడు పదునైదు రూపాయలున్న వాటా సంక్రాంతి నాటికి నూరు దాటునట! ఈ 'అట'లను నమ్మి, పంటమీద వచ్చిన సొమ్మును చేతి ఫోనుమీద వ్రేలు మోపి పంపివేయువారు లేకపోలేదు. ఈ విషయమున మా పాఠకులకు నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

వాటాలు కొనుట దోషమని మే మనము. మన ప్రాంతమువారి దృష్టి పొలము గట్టు దాటుటకు తగిన కారణములే కలవు. 1987-88 ప్రాంతమున తెల్లదోమ పత్తిని నాశనము చేయగా గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు కొందరు ప్రాణములనే విడిచిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతనే తినివేసినది. 2025లో పంట చేతికి వచ్చినను ధర చేతికి రాలేదు. ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము క్వింటాలు 11,781 రూపాయల లెక్కను మార్కెట్ జోక్యము ప్రకటింపవలసి వచ్చినది. ఇట్లు పురుగునకును, ధరకును చిక్కి విసిగిన మనుష్యుడు మరియొక ఆదాయమార్గమును వెదకుట సహజము. కాని యొక జూదమునకు జంకి మరియొక జూదమునకు పోవుచు, రెండవది జూదమని యెరుగకుండుటయే ప్రమాదకరము.

చమురు అన్వేషణ యనగా నేమియో మన రైతునకు వేరుగా బోధింపనక్కరలేదు. మార్కాపురము, కనిగిరి ప్రాంతములలో బోరు వేయించిన ప్రతివాడును దాని నెరుగును. నీరు చూచువాడు అరచేత కొబ్బరికాయ నిలిపికొని పొలమంతయు తిరిగి, యొకచోట కాలు నిలిపి "ఇచట జల యున్నది" యనును. యంత్రము వచ్చును. అడుగుల లెక్కను కూలి పెరుగును. మూడువందల అడుగులకు రాతిపొడి, ఐదువందల అడుగులకు రాతిపొడి. నీరు పడినను పడకున్నను నీరు చూచినవాని దక్షిణ వానికి ముట్టును; యంత్రము యజమానికి బాడుగ ముట్టును; అప్పిచ్చినవానికి వడ్డి ముట్టును. ఎండిన బోరు మాత్రము రైతునకు మిగులును. చమురు బావి కథయు నిదియే. భేద మెంతమాత్రమనగా, ఈ బోరు వేలకొలది అడుగుల లోతునకు పోవును. లోతైన సముద్రమున నొక్క బావికే కోట్లమీద కోట్లు వ్యయమగును. వాటాదారుడు యంత్రమును గాని, స్థలమును గాని, పైకివచ్చిన మట్టిని గాని కన్నులార చూడడు.

ఆశకు ఆధారము లేదని కూడ మేము చెప్పజాలము. మన కాళ్లక్రింది నేలయే కృష్ణా-గోదావరి నిక్షేపపు అంచు. బాపట్ల పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుకొను మిట్ట యొకటి యీ నిక్షేపమునందు గలదు. కోనసీమ తీరమునకు చేరువనున్న రవ్వ క్షేత్రమున 1987లో ఓ.ఎన్.జి.సి. చమురు కనుగొనినది. 1994లో ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియం మొదలగు సంస్థలు దానియందు భాగస్వాములైనవి. 1996లో కమాండ్‌ను కొనుటచే స్కాట్లండునందలి కెయిర్న్ సంస్థ అచట ప్రవేశించినది. ఆ కెయిర్న్ సంస్థయే 2004లో, షెల్ వంటి మహాసంస్థ ఆశ వదలుకొని విడిచిపోయిన రాజస్థాన క్షేత్రమున మంగళా చమురును కనుగొని, తన వాటాదారులకు పెక్కురెట్లు లాభము చేకూర్చినది. షేరు బజారున ప్రతి చిన్న కంపెనీ కథకును ఈ కథయే మూలకథ. "కెయిర్న్ వంటిది కాబోవుచున్నది" యను మాటలేని కబురు లేదు. కాని రవ్వయందు చమురు వెదకిన ధనము ప్రజలది. చిన్న కంపెనీ వచ్చినది చమురు బయటపడిన తరువాతనే. మంగళా వంటి బావి పడుటయు నిజమే. అది యెప్పుడో యొకప్పుడు పడును గనుకనే దాని పేరు మనము నేటికిని చెప్పుకొనుచున్నాము. ఎండిన బావుల పేర్లు ఎవరు చెప్పుకొందురు?

ఆంధ్ర తీరమునందే జరిగిన రెండు ఉదాహరణములను మా పాఠకులు స్మరింపవలెను. మొదటిది కె.జి. డి-6. దానియందు రిలయన్సు సంస్థకు తోడుగా కెనడా దేశపు నైకో రిసోర్సెస్ అను చిన్న కంపెనీకి నూటికి 10 వంతులు భాగముండెను. 2002లో గ్యాసు కనుగొనబడినది. 2009 ఏప్రిలులో ఉత్పత్తి యారంభమైనది. దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్లు వచ్చునని తలంపగా 2010 మార్చిలో 6 కోట్ల పైచిలుకు వచ్చి, అచటినుండి క్రమముగా పడిపోయినది. బావులలో నీరును, ఇసుకయు చేరినవి. తగినన్ని బావులు త్రవ్వలేదని ప్రభుత్వమును, భూగర్భము తమ యూహకు లొంగలేదని కంపెనీయు వాదులాడుకొనిరి. ఆ వాద మెట్లున్నను, 2010 ప్రాంతమున నూరు కెనడా డాలర్ల మేర పలికిన నైకో వాటా, ఇండొనీషియాలో విఫలమైన బావులును అప్పులును దీనికి తోడుకాగా, 2015 నాటికి ఒక్క డాలరునకు లోపునకు దిగినది. తొలి క్షేత్రములు 2020 ఫిబ్రవరిలో మూతపడినవి. ఆ డిసెంబరులోనే అదే బ్లాకునందు మరల గ్యాసు వచ్చినది. కాని యప్పటికి నైకో ఆ భాగస్వామ్యమునుండి తొలగిపోయినది. గ్యాసు కలదనుట నిజమే యైనను, అది వాటాదారునకు దక్కుననుట వేరు మాట.

రెండవది దీనదయాళ్ క్షేత్రము. 2005 జూను 26వ తేదిన గుజరాతు ముఖ్యమంత్రి, తమ రాష్ట్రప్రభుత్వ సంస్థ కాకినాడ యెదుట సముద్రమున 20 ట్రిలియన్ ఘనపు టడుగుల గ్యాసు కనుగొనినదని ప్రకటించిరి. ఆ బ్లాకున 10 వంతుల భాగమును, అన్వేషణవ్యయమును గుజరాతు సంస్థయే భరించు ఒప్పందమును గల జియో గ్లోబల్ అను చిన్న కంపెనీ వాటా అమెరికా బజారున ఆ యేట కొలది నెలలలోనే పెక్కురెట్లు పెరిగినది. 2009లో అధికారుల పరిశీలన ముగియునప్పటికి తేలిన గ్యాసు, మొదట చెప్పినదానిలో పదియవ వంతునకు అటునిటుగా నున్నది. 2015 మార్చి నాటికి గుజరాతు సంస్థ అప్పు 19,700 కోట్ల రూపాయలు దాటినట్లు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక తెలిపినది. 2017లో ఓ.ఎన్.జి.సి. ఆ సంస్థకు గల 80 వంతుల భాగమును సుమారు 7,738 కోట్లకు కొనవలసి వచ్చినది. ప్రభుత్వసంస్థ అప్పును ప్రభుత్వసంస్థ తీర్చినది. చిన్న కంపెనీ వాటాను శిఖరమున కొనినవాని నష్టమును తీర్చినవా రెవరును లేరు.

ఇట్లు జరుగుటకు మోస మొక్కటియే కారణమని మేము నిందింపము. ఈ వ్యాపారపు భాషయందే మెలకువ యున్నది. "ఇంత గ్యాసు ఉన్నది" యను మాటకు మూడు నాలుగు అర్థములు గలవు. భూమిలో నున్నది వేరు. పైకి తీయదగినది వేరు. తీసి యమ్మగా లాభము మిగులునది వేరు. తీయదగిన దానియందును, నూటికి 90 పాళ్లు నమ్మదగిన లెక్క యొకటి, 50 పాళ్లు నమ్మదగినది యొకటి, 10 పాళ్లు మాత్రమే నమ్మదగినది యొకటి. త్రవ్వకముందు వేసిన యంచనా వీటిలో దేనియందును చేరదు. అరుగుమీద వినబడు లెక్క తరచుగా అన్నిటికంటె పెద్దదియు, అన్నిటికంటె నమ్మరానిదియు నైయుండును. కళ్లమున కాయ నంతయు తూచి "ఇంత పంట" యనువాడు, తాలు తీసి, తేమ తీసి, కమీషను తీసి, మిగిలిన బస్తాలను లెక్కించువానితో సమానుడగునా?

కాలమొక మెలకువ. 2005లో ఓ.ఎన్.జి.సి. చేతికి వచ్చిన కె.జి. 98/2 బ్లాకునుండి తొలి చమురు వెలువడినది 2024 జనవరి 7వ తేదిన. మహాసంస్థ 19 సంవత్సరములు వేచియుండగలదు. వచ్చు జూనులో విత్తనము కొనవలసినవాడు వేచియుండగలడా? ధనమొక మెలకువ. చమురు పడువరకు ఆదాయములేని చిన్న కంపెనీ రెండవ బావికి డబ్బు కావలసినప్పుడెల్ల క్రొత్త వాటాలు పుట్టించును. రొట్టె పెద్దది గాకుండనే ముక్కల సంఖ్య పెరుగును. నూరుగురిలో నొకడుగా చేరినవాడు మూడువందలలో నొకడై తేలును.

ఇక 'లోపలి కబురు' సంగతి. కంపెనీ ప్రకటింపని విషయము నెరిగి దానిమీద వాటాలు కొనుట సెబీ 2015 నాటి నియమముల ప్రకారము నేరము. కాబట్టి ఆ కబురు నిజమైనచో కొనువాడు నేరస్థుడు, అబద్ధమైనచో నష్టభాగి. రెండింట నేది మేలు? రుసుము పుచ్చుకొని వాటాలపై సలహా నిచ్చువాడు సెబీ వద్ద నమోదు కావలెనని 2013, 2014 సంవత్సరముల నియమములు విధించుచున్నవి. కబురు తెచ్చినవానిని "నీ వాటా లెన్ని? ఎంతకు కొంటివి? నేడు కొనుచున్నావా, అమ్ముచున్నావా?" యని మూడు ప్రశ్నలడిగిన చాలును. నీరు చూచువానికి దక్షిణ ఎవరిత్తురో తెలియును.

పత్తి సొమ్ము వాటాల పాలగుట మన దేశమున క్రొత్త గాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి అచటి పత్తి నిలిచిపోగా భారతదేశపు పత్తికి బంగారపు ధర వచ్చినది. ఆ సొమ్ము బొంబాయిలో సముద్రమును పూడ్చి భూమి చేయుదుమను కంపెనీల వాటాలలోనికి ప్రవహించినది. 5,000 రూపాయల బ్యాక్‌బే వాటా 50 వేల వరకు పోయినది. 1865లో యుద్ధము ముగిసి, జూలై 1వ తేదిన గడువు ఒప్పందములు తీర్చవలసి రాగా, కోటీశ్వరులు దివాలా తీసిరి. బొంబాయి బ్యాంకే 1868లో మూతపడినది. నాడు నశించినవారు జూదరులు మాత్రమే కారు. వారి వద్ద ధనముంచిన నిరపరాధులును నశించిరి.

మా ముఖ్యమైన భయ మిచటనే కలదు. మన ప్రాంతమున ధన మొక్కని చేత నుండదు. కమీషను వ్యాపారి చేతనున్న సొమ్ములో రైతు కాయల వెల కలిసియుండును. భూస్వామి పెట్టెలోని సొమ్మునందు కౌలురైతు రెక్కల కష్టమున్నది. జిన్నింగు మిల్లు యజమాని చేతిలోనిది పత్తి తెచ్చినవానికి రేపు చెల్లింపవలసిన బాకీ. అట్టి ధనమును ఎండు బావిలో పోసినచో, ఏ కంపెనీ పేరును విననివాని యింట పొయ్యి ఆరిపోవును. తన సొంత ధనమును పోగొట్టుకొనువాడు తెలివితక్కువవాడు కావచ్చును. చెల్లింపవలసిన ధనమును పోగొట్టువాడు ఋణద్రోహి.

కావున మా మనవి యిది. విత్తనమునకు, ఎరువునకు, కౌలునకు, పిల్లల చదువునకు వేరుపెట్టిన సొమ్ము ఈ వాటాల దరికి పోగూడదు. భూమి తాకట్టుపెట్టి కొనరాదు. పూర్తిగా పోయినను ఇంటికి లోటు రానంత సొమ్మునే, పోవునని యెరిగియే పెట్టవలెను. కంపెనీ ప్రకటించిన నివేదికను చదివినవాడే, చదివించుకొనినవాడే కొనవలెను.

ప్రజలకు చెప్పుటతో బాధ్యత తీరదు. నివేదికలన్నియు ఆంగ్లమునందుండగా తెలుగువాడు అరుగుమీది కబురును కాక మరి దేనిని నమ్మగలడు? నమ్మదగిన లెక్కయు, ఆశ లెక్కయు వేర్వేరుగ, ముందరి పుటలోనే, దేశభాషలలో ప్రకటింపవలెనని అన్వేషణ కంపెనీలను సెబీ నిర్బంధింపవలెను. ఎన్ని బావులు త్రవ్విరి, ఎన్ని యెండినవి, ఐదేండ్లలో ఎన్ని క్రొత్త వాటాలు పుట్టించిరి యను మూడు లెక్కలును దానితో చేర్పవలెను. గుంటూరు, ఒంగోలులందలి వర్తకసంఘములు తమ సభ్యులకు ఈ విషయమున బోధ కలిగించుటయేగాక, రైతుల బాకీలు గడువులోపల చెల్లించునట్లు కట్టుబాటు చేసికొనవలెను.

మన నేలక్రిందను, మన సముద్రముక్రిందను సంపద యున్నది. దానిని వెలికి తీయువారికి సాహసము కావలెను. సాహసమునకు ధనము కావలెను. ఆ ధనమును మనవారును సమకూర్చుట తప్పు గాదు. కాని నేలమీద పండిన నిశ్చయమైన గింజను, నేలక్రింద నున్నదో లేదో తెలియని చమురుకై ధారపోయువాడు ముందుగా ఆ గింజ యెవరిదో తన మనస్సాక్షి నడుగవలెను. వచ్చు పంటకాలమునకు ముందే మా పాఠకులు ఆ ప్రశ్న వేసికొందురని యాశించుచున్నాము.