సూపర్‌మాన్ చూపూ, ఫ్రిస్కో సీసమూ

సూపర్‌మాన్ కళ్ళకు ఎక్స్-కిరణాల చూపు ఉన్నదనీ, ఆ చూపు ఇటుకగోడను దాటగలదు గాని సీసపు రేకును దాటలేదనీ ఫ్రిస్కోలో పెరుగుతున్న తెలుగు పిల్లలలో చాలామందికి తెలుసు. క్రిప్టొనైట్ అనే ఆకుపచ్చని రాయి అతని బలాన్ని హరించకుండా ఉండాలంటే దానిని సీసపు పెట్టెలో దాచాలనీ తెలుసు. ఆ కథలలో సీసం రక్షకుడు. పాత కారు బ్యాటరీలను పగులగొట్టి, కరిగించి, అదే సీసాన్ని తీసే కర్మాగారం ఒకటి తమ ఊరిలోనే 1964 నుండి 2012 నవంబరు దాకా పనిచేసిందన్న సంగతి మాత్రం ఆ పిల్లలకే కాదు, వారి తలిదండ్రులలో ఎందరికో తెలియదు. ఇందులో వింత లేదు. 1990 జనాభా లెక్కలలో ఆరువేల పైచిలుకు ఉన్న ఈ ఊరు 2020 నాటికి రెండు లక్షలు దాటింది. ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఆ కొలిమి చల్లారిన తరువాత వచ్చి స్థిరపడ్డవారే.

కామిక్ పుస్తకాలలోని మహాబలుల పుట్టుపూర్వోత్తరాలను రసాయన శాస్త్రజ్ఞుని కంటితో చదివితే ఒక చిత్రం బయటపడుతుంది. 1938లో క్లీవ్‌లాండ్ యువకులు జెర్రీ సీగెల్, జో షూస్టర్ కల్పించిన సూపర్‌మాన్ వేరే గ్రహం నుండి వచ్చినవాడు. అతని బలానికి కారణం అడిగే పని లేదు. ఆ వెనుక వచ్చిన వీరులలో చాలామంది భూలోకవాసులు కాబట్టి కారణం కావలసివచ్చింది. రచయితలు ప్రయోగశాల తలుపు తట్టారు. 1940లో వచ్చిన మొదటి ఫ్లాష్ ఒక కళాశాల విద్యార్థి. ప్రయోగశాలలో కఠినజలపు ఆవిరి పీల్చి మెరుపువేగం సంపాదించాడు. కఠినజలం అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీరు. కాచినప్పుడు పైకి పోయేది ఉత్త నీటియావిరి. లవణాలు గిన్నె అడుగున తెల్లని పెచ్చుగా మిగులుతాయి. ఆ ఆవిరికే మహిమ ఉంటే నల్లగొండ, పల్నాడు పల్లెలలో బోరునీళ్ళు కాచిన ప్రతి ఇల్లాలూ వాయువేగంతో పరుగెత్తవలసింది! తరువాతి రచయితలు నాలుక కరుచుకుని దానిని భారజలంగా సవరించారు. ఆ భారజలం మణుగూరు దగ్గరి కర్మాగారంలో 1991 నుండి తయారవుతూనే ఉన్నది. అక్కడి ఉద్యోగులు మాత్రం బస్సులలోనే ఇళ్ళకు వెళుతున్నారు.

అదే 1940లో అవర్‌మన్ అనే మరొక వీరుడు వచ్చాడు. వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడు. తాను తయారుచేసిన మాత్ర మింగితే సరిగ్గా ఒక గంటసేపు బలం వస్తుంది, ఆ తరువాత పోతుంది. ఈ వీరులందరిలో ఔషధశాస్త్రానికి కాస్తయినా మర్యాద ఇచ్చినవాడు ఇతడే. మందుకు మోతాదు ఉంటుందనీ, అది ఒంట్లో ఎంతకాలం ఉంటుందో లెక్క ఉంటుందనీ ఇతని కథ ఒప్పుకున్నది. పాపం, ఇతనికి పేరు రాలేదు. మరుసటి సంవత్సరం కెప్టెన్ అమెరికాకు ఒక్క మోతాదు రసాయనంతో జీవితాంతపు బలం ఇచ్చారు. పాఠకులకు అదే నచ్చింది.

హిరోషిమా తరువాత రసాయనాల ప్రాబల్యం తగ్గింది. 1961లో నలుగురు మిత్రులకు విశ్వకిరణాల వల్ల, 1962లో హల్క్‌కు గామా కిరణాల వల్ల, అదే సంవత్సరం పీటర్ పార్కర్‌కు రేడియోధార్మిక సాలీడు కాటు వల్ల శక్తులు సంక్రమించాయి. నలభై ఏళ్ళ తరువాత, 2002లో అదే కథను సినిమాగా తీసినప్పుడు, సాలీడుకు రేడియోధార్మికత పోయి జన్యువుల మార్పు వచ్చింది. ఏ తరానికి ఏది భయమో, ఏది ఆశో, అదే ఆ తరపు వీరునికి వరప్రదాత. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. మనిషి ఎగరడం, గోడలు పాకడం కల్పనలని పదేళ్ళ పిల్లవానికీ తెలుసు. అంత సులభంగా పట్టుబడని కల్పన వేరొకటి ఉన్నది. ఎంత పదార్థం, ఎంతకాలం అన్న రెండు ప్రశ్నలను ఈ కథలన్నీ చల్లగా దాటిపోతాయి. ఒక్క క్షణం, ఒక్క స్పర్శ, పని పూర్తి.

గామా కిరణాల సంగతే చూడండి. ఒక కిలో శరీరానికి 4 జౌళ్ళ చొప్పున గామా శక్తి ఒంటినిండా ఒక్కసారిగా సోకితే, వైద్యం అందని వారిలో సుమారు సగంమంది కొద్ది వారాలలో మరణిస్తారు. ఆ శక్తి శరీరపు వేడిని ఒక డిగ్రీలో వెయ్యోవంతు మాత్రమే పెంచుతుంది. ఒక గుక్కెడు వేడి కాఫీలో ఉన్న వేడి అంతకన్నా ఎక్కువ. కొండను పిండిచేసేంత బలం సంగతి అటుంచి, చలి కాచుకోవడానికైనా చాలదు. మరి ప్రాణం ఎలా తీస్తుంది? ఆ కొంచెం శక్తీ జీవకణాలలోని డీఎన్ఏ బంధాలను తెంపుతుంది. ఎముకల మూలుగలో కొత్త రక్తకణాలు పుట్టడం ఆగిపోతుంది. జీవితమంతా రేడియం మధ్య గడిపిన మేరీ క్యూరీ 1934లో మూలుగ ఎండిపోయిన రక్తహీనతతోనే మరణించింది.

సీసం ఇంకా నిదానస్తుడు. ఎక్స్-కిరణాలను ఆపగలగడం దాని పరమాణువు బరువు చలువ. అక్కడ కామిక్ పుస్తకం చెప్పింది నిజమే. ఒంట్లోకి పోయినప్పుడు మాత్రం అది కాల్షియం వేషం కడుతుంది. శరీరం మోసపోయి దానిని ఎముకలలో దాచుకుంటుంది, దశాబ్దాల తరబడి. హీమోగ్లోబిన్ తయారీకి కావలసిన ఒక ఎంజైమును అణచివేస్తుంది. ఎదుగుతున్న మెదడులో నాడీకణాల సంభాషణకు అడ్డుపడుతుంది. 2008లో అమెరికా ప్రభుత్వం గాలిలో ఉండదగిన సీసపు హద్దును ఘనమీటరుకు 1.5 మైక్రోగ్రాముల నుండి 0.15కు, అంటే పదోవంతుకు తగ్గించింది. ఆ కొత్త హద్దు ప్రకారం కర్మాగారం చుట్టుపట్ల గాలి ప్రమాణానికి అందలేదు. ఆపైన నగరపాలక సంస్థకూ కంపెనీకీ ఒప్పందం కుదిరి కర్మాగారం మూతపడింది. పిల్లల రక్తంలో ఎంత సీసం ఉంటే గమనించాలన్న అంకె కూడా అలాగే దిగుతూ వచ్చింది: 1991లో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు, 2012లో 5, 2021లో 3.5. మూడేళ్ళ పిల్లవాని ఒంట్లో ఒక లీటరు రక్తం ఉన్నదనుకుంటే, ఈ చివరి అంకెకు మొత్తం సీసం 35 మైక్రోగ్రాములు. వంటింటి ఉప్పురవ్వ ఒక్కటి దాదాపు అంతకన్నా బరువుంటుంది. ఏ అంకె దగ్గరా పిల్లవాని రంగు ఆకుపచ్చగా మారదు. చొక్కా చిరగదు.

కర్మాగారం పోయింది కదా అని తెలుగు కుటుంబాలు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. సిందూరమని పూర్వం నుండి వాడుకలో ఉన్న ఎర్రని పొడులలో ఒకటి సాక్షాత్తూ సీసపు ఆక్సైడు. దేశం నుండి వచ్చిన కొన్ని సిందూరాలలో సీసం ఉన్నదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరికలు చేసింది. రంగు నిగనిగలాడడానికి పసుపులో కలిపే సీసపు క్రోమేటు, కొన్ని కాటుకలు, సుర్మాలు కూడా ఈ కోవలోనివే. సూట్‌కేసులో ప్రేమగా సర్దుకుని తెచ్చుకునేవాటిలో ఏది ఎక్కడ తయారయిందో చూసుకోవడం చాదస్తం అనిపించుకోదు.

సిందూరం మాట వచ్చినప్పుడు హనుమంతుని మాట రాక తప్పదు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉన్నది. అక్కడికి తాతయ్య చేయి పట్టుకుని వెళ్ళే పిల్లలే ఇంటికి వచ్చి స్పైడర్‌మాన్ చదువుతారు. ఇద్దరికీ పోలిక వారికి తట్టకపోదు. 2024లో వచ్చిన తెలుగు చిత్రం 'హనుమాన్' ఆ పోలికనే పట్టుకున్నది. అందులో పల్లెటూరి కుర్రవానికి ఒక మణి వల్ల బలం వస్తుంది. వినోదానికి లోటు లేదు గాని, సాలీడు కాటు స్థానంలో మణి వచ్చింది, అంతే. రామాయణ కథ ఇంతకన్నా లోతైనది. బాల్యంలో దేవతలు వరాలు ఇచ్చారు. అల్లరికి విసిగిన మునుల శాపం వల్ల తన బలం తనకు తెలియకుండా పోయింది. సముద్రతీరాన జాంబవంతుడు, ఒక పెద్దవాడు, పక్కన కూర్చుని ఎవరివో, ఏమి చేయగలవో చెప్పవలసివచ్చింది. ఏ కామిక్ పుస్తకంలోనూ వీరుని బలానికి ఇంత మెలిక ఉన్నట్లు కనిపించదు.

బలం గురించి తెలుగు పిల్లలు తెలుసుకోదగిన ఇంకొక చరిత్ర ఉన్నది, అది కల్పన కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ చిల్లర పనులు చేసుకుంటూ చదివాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించాడు. నీలిరంగు ఎంత గాఢంగా వచ్చిందో చూసి పరిమాణం చెప్పే పద్ధతి అది. ఆ కొలత చేతిలో ఉన్నందువల్లనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. పిడికిలి బిగించినా, గోడ ఎక్కినా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. మనిషి బలం దేనితో తయారయిందో కనిపెట్టినవారిలో ఒకడు భీమవరంవాడు. అతని కథలో మెరుపు లేదు, పేలుడు లేదు. పరీక్షనాళికలు కడగడమే ఎక్కువ. బొమ్మలు గీయడం కష్టం కాబోలు.

పుస్తకాలు లాక్కోవడం ఇందుకు మార్గం కాదు. 1954లో అమెరికాలో ఆ ప్రయత్నమూ జరిగింది; కామిక్ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయని శాసనసభ్యుల విచారణ, ఆపైన ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న నియమావళి వచ్చాయి. పిల్లలు చదవడం మానలేదు. పక్కన కూర్చుని చదవడం మేలు. గామా బాంబు పేలిన పేజీ దగ్గర ఎంత కిరణం, ఎంతసేపు అని అడగవచ్చును. సీసపు పెట్టె వచ్చిన పేజీ దగ్గర ఊరిలో ఆ కొలిమి ఎక్కడ ఉండేదో, స్టూవర్ట్ వాగు దాని పక్కగా ఎలా పారుతుందో చెప్పవచ్చును. చిన్నపిల్లలున్న ఇళ్ళవారు వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు రక్తంలో సీసం పరీక్ష జరిగిందా అని అడిగి, 'బాగానే ఉన్నది' అన్న మాటతో సరిపెట్టుకోక, వచ్చిన అంకె ఎంతో వ్రాయించుకోవాలి.