సైన్సు జవాబుల్లో రూపకాలు: కంప్యూటర్‌కు అందేదెంత?

సైన్సు జవాబులో విద్యార్థి వాడే రూపకం అతడి మనసులోని బొమ్మను పట్టిస్తుంది. వేడి పాల గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఎందుకు చురుక్కుమంటుందన్న ప్రశ్నకు ‘వేడి పాలలోంచి గ్లాసులోకి పాకి చేతికి ఎక్కుతుంది’ అని ఒకరు రాశారనుకుందాం. పాకడం పసిపిల్లలు, తీగలు చేసే పని, వేడి పాకదు. అలాగని జవాబును కొట్టెయ్యలేం. ఉష్ణం ఒకచోటి నుంచి మరోచోటికి చేరుతుందన్న సంగతి అందులో ఉంది. వేడి అంటే కదిలే పదార్థమన్న ఊహా ఉంది. ఆ ఊహ పిల్లలదే కాదు: 1789లో లావోయిజర్ మూలకాల పట్టికలో ‘కెలోరిక్’ అనే ఉష్ణద్రవ్యానికీ చోటిచ్చాడు. ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు వేడి ఎంతకీ తరగకుండా పుడుతూనే ఉందని 1798లో కౌంట్ రంఫర్డ్ చూపించాక కూడా ఆ నమ్మకం చాలాకాలం నిలిచింది.

ఇలాంటి వాక్యాలను కంప్యూటర్‌తో ఏరించే ప్రయత్నం పొసగని మాటల దగ్గర మొదలైంది. ‘ఈ కుర్రాడు నిప్పు’ అంటే ముఖ్యార్థం కుదరదు కనుకే వేరే అర్థం వెతుక్కుంటామని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించి, దానికి ‘ముఖ్యార్థబాధ’ అని పేరు పెట్టారు. 1970లలో యోరిక్ విల్క్స్ అనే పరిశోధకుడు యంత్రానికి నేర్పజూసిందీ ఇంచుమించు ఇదే. తాగేది ప్రాణి అయి ఉండాలి. కారు పెట్రోలు తాగిందంటే అక్కడ ఏదో తేడా ఉందన్నమాట. కానీ ‘ఈ బండి పెట్రోలు తెగ తాగుతోంది’ అనే మెకానిక్‌కు అందులో తేడా ఏమీ తోచదు. వాడగా వాడగా రూపకం రూఢి అయిపోతుంది.

అందుకే తరవాతి పరిశోధకులు ముందు మనుషుల చేత గుర్తులు పెట్టించి, వాటితో యంత్రానికి శిక్షణ ఇచ్చారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన ఇంగ్లిష్ సంకలనంలో సుమారు 1,90,000 మాటలను ఒక్కొక్కటిగా చూశారు. ఇక్కడున్న అర్థం కన్నా మూర్తమైన అర్థం ఆ మాటకు మరోచోట ఉందా, దానితో పోల్చి దీన్ని గ్రహించగలమా అన్నది పరీక్ష. రూపకాలు కథల్లో 12 శాతం దరిదాపున ఉంటే, విద్వత్ రచనల్లో 18 శాతం దాటాయి! అయితే వీటిలో పెద్ద వాటా ‘సిద్ధాంతంలో’ అన్నప్పటి ‘లో’ వంటివాటిది. సిద్ధాంతం డబ్బా కాదు కదా. 2020లో ఈ సంకలనంతోపాటు టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష అభ్యర్థుల 240 వ్యాసాల మీద కూడా రూపకాలను గుర్తించే పోటీ పెట్టారు. గుర్తించినవాటిలో ఎన్ని సరైనవి, ఉన్నవాటిలో ఎన్ని దొరికాయి అన్న రెండూ కలిపి వేసే కొలతలో, ఆమ్‌స్టర్‌డామ్ సంకలనం మీద నెగ్గిన పద్ధతికి వచ్చింది ఒకటికి 0.77.

సైన్సు జవాబుల్లో ఇరకాటం ఇంకా ఎక్కువ. విద్యుత్ ‘ప్రవాహం’, అయస్కాంత ‘క్షేత్రం’ పుట్టుకతో రూపకాలే. మైటోకాండ్రియాను ‘కణ శక్త్యాగారం’ అని రాసిన విద్యార్థి కొత్తగా ఊహించిందేమీ లేదు, పాఠం అప్పజెప్పాడంతే. యంత్రం మాత్రం దాన్ని పట్టుకుంటుంది. ‘ఫ్రిజ్ తలుపు తీసి ఉంచితే చల్లదనం బయటికి పోతుంది’ అన్న వాక్యాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. ఇంటింటా వినిపించే మాట కదా. అపోహ ఉన్నది అక్కడే. చల్లదనమనే పదార్థం లేదు. బయటి వేడి లోపలికి చేరుతుంది.

తెలుగు చిక్కులు వేరు. ‘లాగా’, ‘వలె’ ఉన్న ఉపమలు తేలిగ్గా దొరుకుతాయి. ఏ గుర్తూ లేని రూపకం అంత తేలిగ్గా దొరకదు. విభక్తులు మాటకు అతుక్కుని ఉంటాయి కనుక ముందు వాటిని విడదియ్యాలి. పైగా ‘కణం’ జీవశాస్త్రంలో ఒకటి, భౌతికశాస్త్రంలో మరొకటి.

ఇంత శ్రమకు ఫలమేమిటన్నదానికి 1983లో డెడ్రె జెంట్నర్, డొనాల్డ్ జెంట్నర్ ప్రచురించిన పరిశోధనలో ఆధారం దొరుకుతుంది. కరెంటును పారే నీళ్లుగా ఊహించిన విద్యార్థులు బ్యాటరీల లెక్కల్లో, కదిలే జనంగా ఊహించినవారు నిరోధాల లెక్కల్లో మెరుగ్గా రాణించారు. ఏ బొమ్మ సాయం ఎంతవరకు వస్తుందన్నదే ప్రశ్న తప్ప, రూపకం ఉండటం ఒప్పూ కాదు, తప్పూ కాదు. కాబట్టి మార్కులు వేసే యంత్రం రూపకాలను లెక్కపెట్టి కలపడం, కోయడం అన్యాయం. 2020 పోటీలో 0.77 వచ్చిన కొలతతో ఆ పని అసలే చెయ్యకూడదు.

తరగతిని జట్లుగా విడదియ్యడానికి మాత్రం ఆ కొలత చాలు. యాభై జవాబుల్లో నీళ్ల బొమ్మ ఎవరిదో, జనం బొమ్మ ఎవరిదో యంత్రం వేరుచేసి పెడితే, పొరపాటున అటూ ఇటూ పడ్డ కాగితాలను టీచరు సరిచేసుకోవచ్చు. సమాంతరంగా రెండో నిరోధం కలిపితే కరెంటు ఎందుకు పెరుగుతుందో అంతుపట్టని నీళ్ల జట్టుకు, జాతరలో రెండో గేటు తెరిచినప్పుడు జనం ఎంత త్వరగా బయటపడతారో చెబితే సరిపోతుంది.