‘యువత’లో ఆడవాళ్ళు లేరా?

ఎన్నికలొస్తే అనకాపల్లిలో అభ్యర్థుల నోట నానే మాటలు రెండు: బెల్లం, ఉద్యోగాలు. బెల్లం మార్కెట్‌కి పూర్వవైభవం తెస్తామంటారు. మూతపడ్డ తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ గురించి ఏదో ఒకటి చెప్తారు. కంపెనీలొస్తాయి, వేల ఉద్యోగాలొస్తాయంటారు. మంచిదే. కానీ ఆ ఉద్యోగాలు చేసే మనిషిగా వాళ్ళు ఎవరిని ఊహించుకుంటున్నారు?

సాహిత్యం చదువుకున్న అలవాటుతో మానిఫెస్టోలని కూడా వాచకాలుగానే చదువుతాను. 2024లో తెలుగుదేశం కూటమి ‘సూపర్ సిక్స్’ చూడండి. 20 లక్షల ఉద్యోగాలు, లేదా నెలకి 3 వేల భృతి ‘యువగళం’ కింద ఉన్నాయి. 18 నుంచి 59 ఏళ్ళ స్త్రీలకి నెలకి 1500 రూపాయలు, ఏడాదికి మూడు సిలిండర్లు, ఉచిత బస్సు ‘మహాశక్తి’ కింద ఉన్నాయి. అటు వైఎస్సార్ కాంగ్రెస్ అమ్మఒడిని 15 వేల నుంచి 17 వేలు చేస్తామంది, చేయూతని కొనసాగిస్తామంది. జెండాలు వేరైనా వ్యాకరణం ఒకటే. యువత కర్త. స్త్రీ ఎప్పుడూ చతుర్థీ విభక్తిలోనే: ఆడబిడ్డల కొరకు, అక్కచెల్లెమ్మల కొరకు.

ఈ డబ్బు వద్దని నేననడం లేదు. సొంత ఖాతాలో పడే పదిహేను వందల విలువేమిటో, చేతిలో పైసా లేకుండా బతికిన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ‘ఉచితాలు’ అని ఈసడించే పెద్దమనుషులతో నాకు పొత్తు లేదు. శ్రామికురాలిని ఒట్టి లబ్ధిదారుగా మార్చెయ్యడం మీదే నా అభ్యంతరం.

ఈ జిల్లా ఎవరి రెక్కల మీద నడుస్తోంది? చెరకు తోటల్లో కలుపు తీసే చేతులు స్త్రీలవి. రైతు అనే పేరు మాత్రం పట్టాదారు పుస్తకం ఉన్న మగవాడిది. అచ్యుతాపురం బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమలో మిషన్ల ముందు కూర్చునేది అత్యధికం ఆడవాళ్ళే. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడ విషవాయువు పీల్చి వందకి పైగా ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోనే ఎసెన్షియా మందుల కంపెనీ పేలుడులో 17 మంది చనిపోయారు. 2025 ఏప్రిల్ 13న కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో 8 మంది పోయారు, వారిలో స్త్రీలూ ఉన్నారు. నాయకులొచ్చారు, పరిహారం ప్రకటించారు. చచ్చాక కట్టే వెల గురించి మాట్లాడినంతగా బతికుండగా చేసే పని గురించి ఎవరూ మాట్లాడరు.

2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకి పెంచుతూ, స్త్రీలకి రాత్రి పాళీలు అనుమతిస్తూ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చింది. స్త్రీ సమ్మతి, రవాణా, భద్రత వంటి షరతులు పెట్టారు. సమ్మతి లేదన్న అమ్మాయికి మర్నాడు పని ఉంటుందా? పదో గంట ముగించుకుని ఇంటికెళ్ళాక పొయ్యి వెలిగించేదెవరు?

స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనవే కదా అంటారు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీలకి చూపిన 29 అంశాల్లో చిన్నతరహా, కుటీర పరిశ్రమలు కూడా ఉన్నాయి. కానీ ఏపీఐఐసీ పారిశ్రామిక వాడలు చాలావాటిలో పన్ను వసూలు చేసే అధికారం ‘ఐలా’ది, పంచాయతీకి దక్కేది వాటా మాత్రమే. సర్పంచి ఆడదైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె అధికారం ఆగిపోతుంది.

కాబట్టి ఓటడగడానికొచ్చిన వాళ్ళని ఎన్ని ఉద్యోగాలని మాత్రమే అడిగితే చాలదు. జీతమెంత, శిశు సంరక్షణ కేంద్రం ఉందా, 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ పనిచేస్తోందా, గాలిని ఎవరు పరీక్షిస్తున్నారు, పొలంలో పనిచేసే స్త్రీని రైతుగా నమోదు చేస్తారా అని అడగాలి. రాసేవాళ్ళుగా మనల్ని మనమూ ఒకటడగాలి. ఇంటి చాకిరీ గురించి ఇన్నేళ్ళుగా ఎంతో రాశాం. అచ్యుతాపురం బస్సెక్కే అమ్మాయి గురించి ఎంత రాశాం?